ఈద్ రోజు సముద్రం ఎందుకంత వెనక్కి వెళ్తుంది? వైజాగ్ రాళ్లపై ఎవరుంటారు?

రంజాన్ పండగకు పిల్లలతో వైజాగ్ వెళ్లి తెన్నేటి పార్క్ కిందనో, యారాడలోనో నిలబడితే ఒక వింత కనిపిస్తుంది. మామూలుగా నీళ్లలో ఉండే రాళ్లు కొన్ని గంటలు బయటపడతాయి.

దీనికి కారణం చాందే. అమావాస్యకు, పున్నమికి సూర్యుడు, చంద్రుడు ఒకే వరుసలో సముద్రాన్ని లాగుతాయి. దాంతో పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా దిగుతుంది. నెలవంక చూసి చేసుకునే ఈద్ దాదాపు ఆ రోజుల్లోనే వస్తుంది. బక్రీద్ 10వ తేదీన కాబట్టి అప్పుడు తేడా తక్కువ.

బయటపడిన రాయి ఒట్టి రాయి కాదు, అంతస్తుల ఇల్లు. తుంపరలు మాత్రమే తగిలే పైభాగంలో చిన్న నత్తలుంటాయి. మధ్యలో తెల్లగా, గరుకుగా కనిపించేవి బార్నకల్స్. నీళ్లు పోగానే తలుపు మూసుకుంటాయి, రాగానే ఈకల్లాంటి కాళ్లతో ఆహారం పట్టుకుంటాయి. కింద పచ్చ నాచు, గోధుమరంగు సర్గాసమ్, పువ్వులా విచ్చుకునే సీ అనిమోన్, ముళ్లబంతిలాంటి సీ అర్చిన్ ఉంటాయి. ఎండను ఎంత తట్టుకోగలదో దాన్నిబట్టే ఏ జీవి ఎంత పైన ఉండాలో తేలుతుంది. కింద మాత్రం చోటు కోసం పోటీ, వేటగాళ్ల భయం.

ఇందులో ఒక్కటి పోతే ఏమవుతుంది? 1963లో అమెరికా పశ్చిమ తీరంలో రాబర్ట్ పైన్ అనే శాస్త్రవేత్త ఒక రాళ్ల భాగం నుంచి స్టార్‌ఫిష్‌లను తీసేస్తూ వచ్చారు. అవి తినే ఆలుచిప్పలు విపరీతంగా పెరిగి చోటంతా ఆక్రమించాయి. 15 రకాల జీవాల్లో 8 మాత్రమే మిగిలాయి.

అందుకే పిల్లలు సీసాలో వేసుకొచ్చే ఒక్క జీవి కూడా చిన్న విషయం కాదు. గీకి తీసిన బార్నకల్ మళ్లీ అతుక్కోలేదు. రాయిని తిరగేసి వదిలేస్తే అడుగున దాక్కున్నవి ఎండకు చస్తాయి. తిప్పి చూస్తే మళ్లీ అలాగే పెట్టాలి.

ఇంకో మాట. ఆటు బాగా దిగే రోజే పోటు కూడా బాగా ఎక్కుతుంది. నాచు రాయిపై కాలు జారితే అల ఆగదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఆటుపోట్ల సమయాలు ఇస్తుంది. అవి చూసుకుని వెళ్లండి, నీళ్లు తిరిగి ఎక్కకముందే పిల్లల చెయ్యి పట్టుకుని ఒడ్డుకు వచ్చేయండి.