మంచుపై విమానము ఏల జారును?

గంటకు 800 కిలోమీటర్ల వేగముతో ఆకాశమున నిశ్చింతగా పోవు విమానము, నేలమీద మనిషి పరుగెత్తునంత వేగముతో పోవుచు జారుట వింతగా తోచవచ్చును. కాని చలిదేశముల విమానాశ్రయములలో ఇట్లు జరుగుట కలదు. 2020 జనవరి 17వ తేదీన అమెరికాలోని కాన్సస్ సిటీ విమానాశ్రయమున ఎయిర్‌బస్ ఎ-319 విమానమొకటి, ప్రయాణికులతో నిండి, రెక్కలపై మంచును కరిగించు చోటికి పోవుచుండగా, దాని ముందు చక్రము దారి అంచును దాటి ప్రక్కకు దిగిపోయెను. ఎగురుటకు పూర్వమే ఆ ప్రయాణము ఆగిపోయినది.

విమానము తన ఇంజనుల బలముతో నేలమీద నడచుటను టాక్సీయింగ్ అందురు. ఈ నడకకును మోటారుకారు నడకకును ఒక ముఖ్యభేదము కలదు. కారు చక్రములను ఇంజను త్రిప్పును. బురదలో పట్టు చిక్కనిచో చక్రము ఊరక గిరగిర తిరుగునే గాని కారు కదలదు. విమానపు చక్రములు కేవలము దొర్లునవి. ఇంజనులు గాలిని వెనుకకు నెట్టుటచే విమానము ముందుకు పోవును. కావున నేల ఎంత నున్ననిదైనను అది కదలుచునే యుండును. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. పోవుటకు నేలపట్టు అక్కరలేదు. మలుపు తిరుగుటకును, ఆగుటకును మాత్రము కావలెను.

వంపు తిరుగు వస్తువును వంపు కేంద్రమువైపునకు లాగు బలమొకటి యుండవలెను. నేలమీద ఆ బలము టైరులకును నేలకును నడుమ గల ఘర్షణనుండియే లభించును. పొడి కాంక్రీటుపై ఘర్షణ గుణకము సుమారు 0.7 ఉండును. పైన నీరు నిలిచిన మంచుగడ్డపై అది 0.05 వరకు పడిపోవచ్చును. 30 మీటర్ల వ్యాసార్ధముగల మలుపును తీసికొందము. ఘర్షణ గుణకమును, గురుత్వ త్వరణమైన 9.8ని, వ్యాసార్ధమును గుణించి వర్గమూలము కనుగొన్నచో, జారకుండ తిరుగదగిన గరిష్ఠవేగము సెకనుకు ఇన్ని మీటర్లని తేలును. పొడినేలపై అది గంటకు సుమారు 52 కిలోమీటర్లు. మంచుగడ్డపై 14 మాత్రమే.

ఈ లెక్కలో విమానపు బరువు ఎచ్చటను రాలేదని గమనింపుడు. బరువు హెచ్చినకొలది ఘర్షణయు హెచ్చును. కాని త్రిప్పవలసిన ద్రవ్యరాశియు అంతే హెచ్చును. అంత బరువైనది జారునా యను ప్రశ్నకు అర్థము లేదు. గుణకము ఒకటే అయినచో 60 టన్నుల విమానమునకును సైకిలుకును హద్దు ఒక్కటే.

విమాన నిర్మాణము ఈ చిక్కును మరికొంత పెంచును. బరువులో సుమారు పదింట తొమ్మిది వంతులు రెక్కలక్రింది ప్రధాన చక్రములే మోయును. దిశను మార్చు పని ముందు చక్రముది. దానిపై పడు బరువు స్వల్పము, పట్టును స్వల్పమే. విమానము తిరుగుట లేదని చోదకుడు ఆ చక్రమును ఇంకను త్రిప్పినచో అది దొర్లుట మాని, అడ్డముగా నిలిచి, జారుచు పోవును. అట్టి సమయమున చక్రమును కొంత నిటారుగా చేసి, మరల దొర్లనిచ్చుటయే ఉపాయము. ఎత్తైన తోకను ప్రక్కగాలి నెట్టుచున్నచో పని మరింత కష్టమగును.

ఇక ఆగుట. 60 టన్నుల విమానమును బ్రేకులు గట్టిగా బిగించి తడి మంచుగడ్డపై నిలిపినను, దానిని పట్టియుంచు ఘర్షణబలము 3 టన్నులకు మించదు. ఎ-319 వంటి విమానపు రెండు ఇంజనులును పూర్తిగా పనిచేసినచో 20 టన్నులకు పైగా నెట్టగలవు. అనగా అందులో ఏడవ వంతు చాలును, చక్రములు తిరుగకయే విమానము ముందుకు జారును. మంచు కురియు వేళ ఇంజను రెక్కలపై పేరిన మంచును రాల్చుటకై చోదకులు అప్పుడప్పుడు ఇంజను వేగమును పెంచవలసియుండును. కావున ఆ పనికి ముందు కాస్త పట్టుగల చోటును చూచుకొందురు.

మంచుగడ్డ ఇంత నున్నగా ఏల యుండును? బరువు ఒత్తిడికి మంచు కరిగి నీరగునని పాఠ్యపుస్తకములలో చెప్పుట కలదు. విమానపు టైరు ఒత్తిడి సుమారు 14 వాతావరణములు. ఒక్కొక్క వాతావరణపు ఒత్తిడికి మంచు ద్రవీభవన స్థానము డిగ్రీలో వెయ్యింట ఏడు వంతులకు కొంచెము పైగా తగ్గును. మొత్తము తగ్గునది డిగ్రీలో పదవ వంతు మాత్రమే! సున్నకు అయిదారు డిగ్రీలు దిగువనున్న మంచును ఈ ఒత్తిడి కరిగింపజాలదు. రాపిడివలన పుట్టు వేడియే ముఖ్యకారణమని 1939లో బౌడెన్, హ్యూస్ అను శాస్త్రజ్ఞులు చూపిరి. అదియుగాక మంచుగడ్డ ఉపరితలమున అణువులు లోపలివలె గట్టిగా బంధింపబడక, ద్రవమును పోలిన పలుచని పొరగా ఉండును. సున్న డిగ్రీలకు చేరువైనకొలది ఈ పొర మందమగును. కావుననే కొరికివేయు చలికంటె, కరుగుటకు సిద్ధముగానున్న మంచే ప్రమాదకరము. పాచిపట్టిన చెరువు మెట్లపై కాలుపెట్టినవారికి పలుచని పొర ప్రతాపము తెలియనిది కాదు.

వాననీటిపై టైరు తేలిపోవుట వేరొక సంగతి. చదరపు అంగుళమునకు 200 పౌనుల ఒత్తిడిగల టైరు గంటకు సుమారు 235 కిలోమీటర్ల వేగమున గాని తేలదు. అది రన్‌వేపై దిగునపుడు కలుగు భయము. టాక్సీ నడకలో కాదు. అయినను తడిసిన రంగుగీతలపై మెల్లని నడకలోను జాగ్రత్త యవసరము.

రోడ్లపై మంచును కరిగించుటకు ఉప్పు చల్లుదురు. విమానాశ్రయములలో అది పనికిరాదు. ఉప్పు విమానపు అల్యూమినియమును తినివేయును. బదులుగా పొటాషియం ఎసిటేట్ వంటి లవణముల ద్రావణములను వాడుదురు. ఇసుక చల్లినచో పట్టు పెరుగును, కాని ఇంజను దానిని లోనికి పీల్చుకొను ప్రమాదము కలదు. 2021 నవంబరు 4 నుండి అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ విధానము ప్రకారము రన్‌వే స్థితిని 6 నుండి 0 వరకు అంకెలతో తెలుపుచున్నారు; 6 అన్న పొడినేల, 0 అన్న తడి మంచుగడ్డ వంటిది. ఆ అంకె రన్‌వేకు మాత్రమే చెందినది. టాక్సీ దారి అంతకంటె నున్నగా ఉండవచ్చును గనుక, మంచువేళ చోదకుడు మలుపునకు చాల ముందే, తిన్నని దారిలోనే, వేగమును తగ్గించుకొనును.