పాతకారును మార్చవలసిన దెప్పుడు?

శంకరపల్లి, మొయినాబాదు, చేవెళ్ల ప్రాంతముల రైతు కుటుంబములలో కారు నేడు వింతవస్తువు కాదు. 1998 నవంబరు 22వ తేదీన మాదాపూరున సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వరుసగా కంపెనీల కార్యాలయములతో నిండిపోయినవి. మన పిల్లలు పలువురు అచ్చట ఉద్యోగములు చేయుచున్నారు. వారి రాకపోకలకై కొన్న కారో, వారు క్రొత్తది కొనుక్కొని యింటికి పంపిన పాతకారో మన వాకిట నిలిచియున్నది. దానికి పది పండ్రెండేండ్లు నిండగనే, బాగుచేయించుటయా, క్రొత్తది కొనుటయా యను ప్రశ్న పుట్టును. ఇరుగుపొరుగువారిని చూచియో, అమ్మువాని మాట వినియో దీనిని తేల్చుకొనువారే యెక్కువ. ఇది లెక్క వ్రాసి తేల్చుకొనవలసిన విషయమని మా మనవి.

ముందుగా వయస్సు మాట. పదేండ్లు దాటిన డీజిలు కారు, పదునైదేండ్లు దాటిన పెట్రోలు కారు త్రిప్పరాదను మాట మన గ్రామములలోను వినబడుచున్నది. అది ఢిల్లీ రాజధాని ప్రాంతమునకై పుట్టిన నిర్బంధము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము సొంతకారు రిజిస్ట్రేషను 15 ఏండ్లు చెల్లును. పిమ్మట బండిని తనిఖీ చేయించి అయిదేసి యేండ్లకు పొడిగించుకొనవచ్చును. అయితే యీ పొడిగింపు రుసుము 600 రూపాయలనుండి 2022 ఏప్రిలు 1న 5,000 రూపాయలకు పెరిగినది. దానిపై హరితపన్ను కూడ కలదు. కావున వయస్సొక్కటే కారును వదలుటకు కారణము కాదు. కాని పదునైదవయేట పడు ఖర్చును ముందే లెక్కలో చేర్చుకొనవలయును.

ఇక లెక్క. ఏడాదికి 9,000 కిలోమీటర్లు తిరుగు కారు నొకదానిని ఉదాహరణగా గొందము. పాతది లీటరుకు 12, క్రొత్తది 18 కిలోమీటర్లు నడచుననియు, పెట్రోలు లీటరు 110 రూపాయలనియు అనుకొందము.

పాతకారునకు: పెట్రోలు 82,500, మరమ్మతులు, టైర్లు 35,000, బీమా 6,000, ఏడాదిలో తగ్గు విలువ 10,000. మొత్తము 1,33,500 రూపాయలు.

ఏడులక్షల క్రొత్తకారునకు: పెట్రోలు 55,000, సర్వీసు 10,000, బీమా 22,000, పదేండ్లకు రెండు లక్షలు మిగులునన్న లెక్కను ఏటేట తగ్గు విలువ 50,000, పెట్టుబడిపై వడ్డీ 30,000. మొత్తము 1,67,000 రూపాయలు.

అనగా పాతకారే 33,500 రూపాయలు చౌక. దాని మరమ్మతులు ఏటేట 68,500 రూపాయలకు చేరువరకు క్రొత్తది కొనుట వలన ధనలాభము లేదు. పెట్రోలు మిగులునని కారు మార్చువారు విలువ తరుగుదలను, వడ్డీని మరచుచున్నారు. సొంత సొమ్ముతో కొన్నను, ఆ సొమ్ము డిపాజిట్టుగా నుండిన వచ్చు వడ్డీ పోవుచునే యుండును.

అదే కారు ప్రతిదినము గచ్చిబౌలికి పోయివచ్చుచు ఏడాదికి 18,000 కిలోమీటర్లు తిరిగినచో పెట్రోలు ఖర్చు రెట్టింపై, తేడా 6,000 రూపాయలకు దిగిపోవును. సాయంకాలము బయోడైవర్సిటీ కూడలివద్ద అడుగడుగునకు ఆగి కదలునపుడు క్లచ్చి అరుగును, ఇంజను వేడెక్కును, పెట్రోలు వృథా యగును. అట్టి బండికి మరమ్మతులును పెరుగును గనుక క్రొత్తదే మేలగును. ఎవరి లెక్క వారు వేసికొనుడు. తేల్చునది బండి వయస్సుకంటె పరుగే. ఆ పరుగును తగ్గించుకొను మార్గమును కలదు: 2019 మార్చిలో మెట్రోరైలు హైటెక్ సిటీకి, ఆ నవంబరులో రాయదుర్గమునకు వచ్చినది. మియాపూరున కారు నిలిపి, అమీర్‌పేటలో రైలు మారి పోవచ్చును.

"నిరుడే గేరుపెట్టెకు నలుబదివేలు పెట్టితిమి, ఇప్పు డెట్లు వదలుదుము?" అనుట కూడదు. పెట్టిన సొమ్ము పోయినదే. రాబోవు ఏడాది ఖర్చునే చూడవలయును.

లెక్కకు లొంగనిది ప్రాణరక్షణ. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారిపై 2023లో గరిష్ఠ వేగము 120 కిలోమీటర్లకు పెంచిరి. చక్రములు బిగుసుకొనకుండ కాపాడు ఏ.బి.ఎస్. బ్రేకులు 2019 ఏప్రిలునుండియు, ముందు సీట్ల రెండింటికి ఎయిర్‌బ్యాగులు 2022నుండియు క్రొత్తకార్లకు తప్పనిసరి యైనవి. అంతకుముందటి కార్లు పెక్కింటికి ఇవి లేవు. బండి చట్రమునకు త్రుప్పు పట్టినను, బ్రేకులు మరల మరల చెడుచున్నను, ఆ బండిలో పిల్లలను ఎక్కించుకొని ఆ రహదారిపై పోరాదు. అపుడు లెక్క చౌకగా చూపినను మార్చుటయే న్యాయము.

పెట్రోలులో నేడు నూటికి 20 పాళ్లవరకు ఇథనాలు కలియుచున్నది. అది మన చెరకునకు, మొక్కజొన్నకు గిరాకి తెచ్చునదే. కాని 2023కు ముందటి కార్లు పెక్కింటి రబ్బరు గొట్టములు దానికై చేసినవి కావు, మెకానిక్కుచే చూపించుకొనవలయును.

మార్చుటయే నిశ్చయమైనచో, పనికివచ్చు బండిని ఎంచుకొనవలయును. పొలము బాటకు తగిన యెత్తు, రెండు బస్తాలు పట్టు డిక్కి, దగ్గరలో సర్వీసు షెడ్డు ముఖ్యము. 2025 సెప్టెంబరు 22నుండి చిన్నకార్లపై జి.ఎస్.టి. 18 శాతమునకు తగ్గినది. విద్యుత్తు కార్లకు తెలంగాణలో రోడ్డుపన్ను, రిజిస్ట్రేషను రుసుము 2024 నవంబరులో మినహాయించిరి. ఆ గడువు 2026 డిసెంబరు 31 వరకని ప్రకటించిరి. అయితే సేద్యపు మోటారునకిచ్చిన ఉచిత విద్యుత్తుతో కారును ఛార్జి చేయరాదు. ఇంటి మీటరునుండియే చేయవలయును.

పాతకారు అమ్మినపుడు 29, 30 నంబరు ఫారములపై సంతకములతో ఆగిపోక, రిజిస్ట్రేషను కొన్నవాని పేర మారువరకు విడువరాదు. ప్రమాదము జరిగిన యెడల రిజిస్టరులో నున్న యజమానియే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

కడపటి మాట, అన్నింటికంటె ముఖ్యమైనది. పంట ఋణమును కారునకు మళ్లింపరాదు. భూమిని తాకట్టుపెట్టి కారు కొనరాదు. కారు విలువ ఏటేట తరుగును. విత్తనమునకు, ఎరువునకు కావలసిన సొమ్ము అందులో చిక్కుకొన్నచో ఆ ఏటి పంటయే తప్పును. క్రొత్తకారునకు వాయిదా కట్టువారు సంవత్సరాదాయము చేతికి వచ్చు నెలలను చూచి కట్టుబడి చేసికొనవలయును. రైతు సోదరులు ఒక పుస్తకమున ఈ యేడాది కారునకైన పెట్రోలు, మరమ్మతు, బీమా ఖర్చులను వ్రాసి యుంచినచో, వచ్చు ఉగాదినాటికి మార్చవలయునా, వద్దా యన్నది ఆ పుస్తకమే చెప్పగలదు.