గోరు చెప్పే తీర్పు

ఇంజిన్ విప్పి బాగుచేసిన మెకానిక్, తిరిగి బిగించే ముందు సిలిండర్ లోపల గోటితో గీకి చూస్తాడు. ఎందుకు?

లోపల ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటే సన్నగీతలు దెబ్బలు కావు. హోనింగ్ రాళ్లతో కావాలనే గీసినవి. వాటిలో ఆయిల్ నిలిచి పిస్టన్ రింగులు అరగకుండా కాస్తుంది. అనుమానించాల్సింది నిలువు గీతనే. దానిమీద గోరు జారిపోతే సాధారణంగా ఫర్వాలేదు. గోరు ఆగిందా, ఆ సందులోంచి ఆయిల్ పైకెక్కి కాలి, సైలెన్సర్ నీలంపొగ కక్కుతుంది. అప్పుడు బోర్ గేజ్‌తో మిల్లీమీటరులో నూరోవంతు దాకా కొలిచి, రీబోర్ చేయాలో లైనర్ మార్చాలో తేలుస్తారు.

గీత ఎలా పడింది? కర్నూలు, కడప ఎండల్లో, బేతంచెర్ల నాపరాయి గనుల దారుల్లో దుమ్ముకు కొదవా! అందులోని ఇసుక రేణువు పోతఇనుము కన్నా గట్టిది. చిరిగిన ఎయిర్ ఫిల్టర్ దాటి వచ్చి, రింగుకూ గోడకూ మధ్య ఇరుక్కుని గీస్తుంది. పాత ఫిల్టరే ఉంచితే కొత్త బోరుకూ అదే గతి.