పేగు పొరను నిలబెట్టే చిన్న మాత్ర

పేగు లోపలి పొర ఎన్ని రోజులకు కొత్తదవుతుందో తెలుసా? నాలుగైదు రోజులకే. పాత కణాలు రాలిపోతుంటే, అడుగు నుంచి కొత్తవి పుట్టి పైకొస్తుంటాయి. అంత వేగంగా కణాలు పుట్టాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. మీ ఇంట్లో గర్భిణికి ఎర్రగుంట్ల ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేదీ ఇదే. దీన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి సారథి మన తెలుగువాడే.

సొంత జబ్బే దారి చూపింది

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో కన్నుమూశారు. ఆయనకూ అదే జబ్బు వచ్చినా కోలుకున్నారు. ఈ జబ్బులో ఆహారాన్ని పీల్చుకునే పేగు పొర అరిగిపోతుంది. తిన్నది ఒంటబట్టదు. విరేచనాలు, నోటిపూత, రక్తహీనత వేధిస్తాయి.

మద్రాసులో వైద్యం చదివిన సుబ్బారావు అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో పరిశోధన చేశారు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులకు ఇస్తే ఆకలి పుట్టింది, రక్తం పెరిగింది.

ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందులనూ ఆ బృందమే తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో పిల్లల రక్త క్యాన్సర్‌కు తాత్కాలికంగానైనా ఉపశమనం దొరికిందని 1948లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ప్రకటించారు. అదే ఏడాది సుబ్బారావు 53 ఏళ్లకే చనిపోయారు. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్‌ను నేడు కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు, పేగు వాపు జబ్బు క్రోన్స్‌కు వాడుతున్నాం.

ఇక్కడే జాగ్రత్త

ఈ జబ్బులకు మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే నోరు, పేగు పొరలు పుండ్లు పడతాయి, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికొస్తుంది. దానితోపాటు రాసే ఫోలిక్ యాసిడ్ కూడా తరచూ పసుపు మాత్రే. అందుకే రెండింటినీ వేర్వేరు డబ్బాల్లో పెట్టండి. మెథోట్రెక్సేట్ వేసుకునే వారం పేరు డబ్బా మీద రాయండి. గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు ఈ మందు వాడకూడదు.

రక్తం తక్కువగా ఉందని ఫోలిక్ యాసిడ్ సొంతంగా కొని వాడొద్దు. అసలు లోపం బీ12దైతే, రక్తం పెరిగినట్టు కనిపిస్తుంది కానీ నరాలు లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి. శాకాహారులు ముందుగా బీ12 పరీక్ష చేయించుకోవాలి.

ఎప్పుడు రావాలి?

విరేచనాలు నెల దాటినా, బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం పడినా, రాత్రి నిద్రలోంచి లేచి వెళ్లాల్సివస్తున్నా మందుల షాపు మాత్రలతో నెట్టుకురావద్దు. అది పేగు క్షయ కావచ్చు, పేగు వాపు కావచ్చు, క్యాన్సరూ కావచ్చు. అవసరమైన పరీక్షలకు మీ డాక్టరు ప్రొద్దుటూరుకో, కడపకో పంపిస్తారు. వాయిదా వేయకండి.

ఇక తిండి సంగతి. మన జమ్మలమడుగు నల్లరేగడిలో పండే శనగల్లో, కందిపప్పులో, ఆకుకూరల్లో ఈ విటమిన్ పుష్కలం. ఆకుకూరను ఎక్కువసేపు ఉడికించకండి. ఉడికిన నీళ్లు పారబోయకండి, పప్పులోనే కలిపేయండి.