మీకు తెలుసా? వేలికి తొడిగే చదువు గుర్తు

అమెరికాలో హైస్కూలు, కాలేజీ చదువు ముగించే పిల్లలు చాలామంది బడి పేరు, పాసయ్యే ఏడాది చెక్కిన ఉంగరం చేయించుకుంటారు. దాన్నే క్లాస్ రింగ్ అంటారు. దాని వెనక దాదాపు రెండు శతాబ్దాల చరిత్ర ఉంది.

• ఈ ఆనవాయితీకి నాంది పలికింది సైనిక విద్యార్థులు. న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున ఉన్న వెస్ట్‌పాయింట్ సైనిక అకాడమీలో 1835 బ్యాచ్ వాళ్లు అందరూ ఒకే గుర్తుతో ఉంగరాలు పెట్టుకున్నారు. అమెరికాలో మొదటి క్లాస్ రింగ్ ఇదేనంటారు. మరుసటి ఏడాది బ్యాచ్‌కి ఉంగరాలు లేవు. 1879 బ్యాచ్ అయితే వాటికి బదులు కఫ్ లింకులు చేయించుకుంది. మిగతా అన్ని బ్యాచ్‌లూ ఉంగరానికే కట్టుబడ్డాయి.

• అనాపొలిస్‌లోని నౌకాదళ అకాడమీలో 1869 నుంచి ఉంగరాలున్నాయి. అక్కడ 1925లో ‘రింగ్ డాన్స్’ అనే వేడుక మొదలైంది. ఏడు సముద్రాల నుంచి తెచ్చిన నీళ్లు కలిపి ఉంచిన పాత్రలో ఉంగరాన్ని ముంచి, ఆ తర్వాతే వేలికి తొడుగుతారు. రేపు నౌకల మీద కాలం గడపాల్సినవాళ్లకి అంతకన్నా తగిన దీవెన ఏముంటుంది!

• సాంకేతిక విద్యకు పేరున్న ఎంఐటీ ఉంగరం మీద బీవర్ బొమ్మ ఉంటుంది. కొమ్మలు కొరికి తెచ్చి వాగుకి అడ్డుకట్ట కట్టే ఈ జంతువుని ప్రకృతిలోని ఇంజినీరుగా భావిస్తారు. పైగా అది రాత్రుళ్లు పనిచేస్తుంది, అక్కడి విద్యార్థుల్లాగే. 1930 బ్యాచ్‌తో మొదలైన ఈ ఉంగరానికి ‘బ్రాస్ ర్యాట్’ (ఇత్తడి ఎలుక) అని ముద్దుపేరు. ప్రతి బ్యాచ్ విద్యార్థులే ఒక కమిటీగా ఏర్పడి, తమ కాలపు విశేషాలు కలిపి కొత్త డిజైను గీస్తారు. పట్టా చేతికొచ్చేదాకా బీవర్ వెనకభాగం తమవైపు ఉండేలా పెట్టుకుని, వచ్చాక తిప్పేస్తారు.

• టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీది ‘ఆగీ రింగ్’. 1889లో మొదలైంది. 1894 నాటి రూపం పెద్దగా మారకుండా నేటికీ వస్తోంది. పైభాగంలో డేగ, డాలు ఉంటాయి. ఒక పక్క టెక్సాస్ నక్షత్రం, దాని చుట్టూ బలానికి ఓక్ ఆకులు, శాంతికి ఆలివ్ ఆకులు. ఇంకో పక్క ఫిరంగి, కత్తి, తుపాకి. నిర్ణీత క్రెడిట్లు పూర్తిచేస్తేనే ఇది కొనుక్కునే అర్హత. చదువుతున్నంతకాలం బ్యాచ్ అంకె పెట్టుకున్నవాళ్లవైపు ఉంటుంది. పట్టభద్రులయ్యాక లోకంవైపు తిరుగుతుంది.

• వెస్ట్‌పాయింట్ పూర్వ విద్యార్థులు చనిపోయాక చాలా కుటుంబాలు వాళ్ల ఉంగరాలను అకాడమీకి ఇస్తాయి. 2002 బ్యాచ్ నుంచి ఆ ఉంగరాలను కరిగించి కొత్త బ్యాచ్ బంగారంలో కలుపుతున్నారు. కరిగించే రోజు ఒక్కో పేరూ చదువుతుంటే తండ్రిదో తాతదో ఉంగరాన్ని ఇంటివాళ్లే మూసలో వేస్తారు. యుద్ధాలు చూసిన చేతుల బంగారం ఇరవై ఏళ్ల కుర్రవాడి వేలికి చేరుతుంది. క్లాస్ రింగుల ఆచారాలన్నిటిలోకీ గొప్పది ఇదే.

• కెనడా ఇంజినీర్లది మాత్రం ఇనుప ఉంగరం. ప్రొఫెసర్ హాల్టెయిన్ చొరవతో, కవి రడ్యార్డ్ కిప్లింగ్ రాసిన ప్రమాణపాఠంతో 1925లో మాంట్రియల్‌లో తొలిసారి తొడిగారు. రాసే చేతి చిటికెన వేలికే దీన్ని పెట్టుకోవాలి. కాగితం మీద గీత గీసిన ప్రతిసారీ ఉంగరం తగిలి, వృత్తిధర్మాన్ని గుర్తుచేయాలన్నది ఉద్దేశం. 1907లో కూలి 75 మంది ప్రాణాలు తీసిన క్విబెక్ వంతెన ఇనుముతో దీన్ని చేశారని చెప్పుకుంటారు. అది నిజం కాదు.

మీ ఇంట్లో అమెరికాలోనో కెనడాలోనో చదివొచ్చినవాళ్ల వేలికి ఇలాంటి ఉంగరం కనిపిస్తే ఎన్ని గ్రాములని అడక్కండి. ఏ బ్యాచ్, ఏ గుర్తు, ఎందుకు పెట్టుకున్నారని అడగండి. సంతోషంగా చెబుతారు.