పురుగు కడుపులో మన చేని మన్ను

చేలో గొంగళి పురుగు, కొట్టంలో గేదె రెండూ తినేది ఆకే. అయినా రెండింటి కడుపులూ ఒకటి కావు. ఈ తేడా తెలిస్తే మేత మొక్కజొన్నను కాపాడుకునే దారి కూడా తెలుస్తుంది గనుక సభ్యుల ముందు ఉంచుతున్నాము.

గేదె పెద్దపొట్టలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపురముండి గడ్డిలోని పీచును అరగదీస్తాయి. అవి లేనిదే పాలు లేవు. గొంగళి పురుగులో అట్టి కాపురం దాదాపు లేదు. తిన్న ఆకు కొద్ది గంటల్లో బయటికి పోతుంది. లోపలి రసం సున్నపుతేట వలె ఘాటైన క్షారం. 2017లో అమెరికా శాస్త్రజ్ఞులు 124 జాతుల గొంగళి పురుగులను పరీక్షించి, వాటిలో సూక్ష్మజీవులు బహు తక్కువనీ, ఉన్నవి చాలావరకు ఆకుతో వచ్చిపోయేవేననీ తెలిపారు.

2019లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు మరో సంగతి కనుగొన్నారు. కాబేజీని తినే ఒక జాతి పురుగులలో కొన్నింటికి డాండిలయన్ అనే కలుపు మొక్క ఆకులు తెంపి వేశారు. కొన్నింటిని మట్టిలో ఉన్న మొక్కపైనే వదిలారు. తెంపిన ఆకు తిన్నవాటిలో ఆకు మీది జీవులే కనిపించాయి. మొక్కపై మేసినవాటిలో ఎక్కువగా మట్టి జీవులు ఉన్నాయి. ఆ మట్టిలో మునుపు పెరిగిన మొక్కల ప్రభావం కూడా పురుగుల్లో కనిపించింది.

ఇట్టి మట్టి జీవుల్లో మనకు మేలు చేసేది బాసిల్లస్ తురింజియెన్సిస్, అనగా బి.టి. పురుగు దీనిని మింగితే, ఇందులోని మాంసకృత్తు ఆ క్షారంలో కరిగి విషమై పేగును పాడుచేస్తుంది. పురుగు మేత మాని చస్తుంది. గేదె కడుపులో ఆ క్షారం లేదు, ఆ విషం అంటుకునే చోటూ లేదు.

2018లో మన దేశంలో మొదటిసారి కనబడిన కత్తెర పురుగు మొక్కజొన్న సుడిలో దాగి తింటుంది. పురుగు చిన్నదిగా ఉండగానే సాయంత్రం పూట సుడి తడిసేలా బి.టి. మందు చల్లండి. ఎండకు దాని బలం తగ్గుతుంది. మోతాదు వ్యవసాయాధికారిని అడగండి.

రసాయన మందు చల్లవలసి వస్తే, డబ్బాపై వ్రాసిన గడువు తీరనిదే ఆ మేత కోయవద్దు. మేతలోని మందు పాలలోకి రావచ్చు. సంఘంలో ఒక ఇంటి పాలు ఊరందరి పాలతో కలుస్తాయని మరువవద్దు.