డాక్టరుగారు బరువు తగ్గమన్నారా?

మోకాళ్ళ నొప్పులని ఆస్పత్రికి వెళతారు. డాక్టరు మోకాలు నొక్కి చూసి, మాత్రలు రాసి, చీటీ చేతికిస్తూ "ఒళ్ళు తగ్గించాలమ్మా" అంటారు. బ్లడ్ ప్రెషర్ చూపించుకోవడానికి వెళ్ళినా, గురక అని వెళ్ళినా, చివరికి తేలేది ఆ మాటే. ఎన్ని కిలోలు తగ్గాలి, ఎన్నాళ్ళలో తగ్గాలి, అన్నం మానాలా, చేపలు తినవచ్చా? అడగడానికి మీకు మొహమాటం. చెప్పడానికి ఆయనకు తీరిక ఉండదు, ఎందుకంటే బయట వంద మంది వరుసలో ఉంటారు.

దీనివల్ల రెండు నష్టాలు జరుగుతున్నాయి. కొందరు ఇంటికెళ్ళి పదిహేను రోజులు కడుపు మాడ్చుకుని, పదహారో రోజున విసిగి అన్నీ వదిలేస్తారు. మరికొందరు "వెళితే మళ్ళీ ఒళ్ళు గురించే అంటాడు" అని సిగ్గుపడి ఆస్పత్రికే రావడం మానేస్తారు. వాళ్ళ బి.పి. మాత్రలు అయిపోతాయి, మళ్ళీ తెచ్చుకోరు. బరువు కన్నా ఈ రెండోది ప్రమాదం. అందుకే డాక్టరు అనే ఆ ఒక్క మాట వెనుక ఏమున్నదో ఈ వారం వివరంగా తెలుసుకుందాం.

ఎంత ఉంటే ఎక్కువ?

ఒకప్పుడు అమెరికాలో జీవిత బీమా కంపెనీవాళ్ళు తయారుచేసిన పట్టికలను చూసి డాక్టర్లు బరువు నిర్ణయించేవారు. ఇప్పుడు వాడేది బి.ఎమ్.ఐ. దీని లెక్కను కనిపెట్టింది డాక్టరు కాదు. బెల్జియం గణిత శాస్త్రజ్ఞుడు కెట్లే 1832లో చెప్పిన లెక్క అది. ఆ పేరు పెట్టి వాడుకలోకి తెచ్చింది అమెరికా శాస్త్రజ్ఞుడు ఏన్సెల్ కీస్, 1972లో.

లెక్క సులభం. మీ బరువును కిలోలలో తీసుకుని, ఎత్తును మీటర్లలో తీసుకుని, బరువును ఎత్తుతో భాగించండి. వచ్చినదాన్ని మళ్ళీ అదే ఎత్తుతో భాగించండి. ఒక ఇల్లాలు 155 సెంటీమీటర్ల ఎత్తు, 62 కిలోల బరువు అనుకుందాం. 62ను 1.55తో భాగిస్తే 40. 40ని మళ్ళీ 1.55తో భాగిస్తే దాదాపు 25.8. అదే ఆమె బి.ఎమ్.ఐ.

మనవాళ్ళకు 18.5 నుంచి 23 లోపు ఉంటే సరైన బరువు. 23 నుంచి 25 లోపు ఉంటే కొంచెం ఎక్కువ. 25, ఆపైన ఉంటే ఊబకాయం కిందే లెక్క. పాశ్చాత్య దేశాలలో 30 దాటితేనే ఊబకాయం అంటారు. మనకు గీత కిందికి ఎందుకు గీశారంటే, మనవాళ్ళకు షుగరు, గుండె జబ్బు అంతకంటే తక్కువ బరువులోనే వస్తున్నాయి. పైన చెప్పిన ఇల్లాలు 55 కిలోలకు దిగితే సరైన బరువులోకి వచ్చినట్లు. గర్భిణులకు, ఎదిగే పిల్లలకు ఈ లెక్క పనికిరాదు.

కాటా చెప్పనిది టేపు చెబుతుంది

బి.ఎమ్.ఐ. ఒక్కటే చూస్తే మోసపోతాం. 2004లో 'లాన్సెట్' వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్లు తమ ఫోటో తామే వేసుకున్నారు. ఒకరు పూణే డాక్టరు యాజ్ఞిక్, రెండోవారు లండన్ డాక్టరు యుడ్కిన్. ఇద్దరి బి.ఎమ్.ఐ. ఒకటే, 22.3. కానీ శరీరంలో కొవ్వు కొలిస్తే లండన్ డాక్టరులో 9.1 శాతం, మన పూణే డాక్టరులో 21.2 శాతం! చూడడానికి సన్నగా ఉండి, లోపల కొవ్వు దాచుకోవడం మన శరీర తత్వం. చేతులు, కాళ్ళు సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకు వచ్చినవాళ్ళు మన వీధిలోనే ఎంతమంది లేరు?

ఆ పొట్ట లోపల, కాలేయం చుట్టూ, పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వే ఇన్సులిన్ పనికి అడ్డుపడి షుగరుకు దారి తీస్తుంది. కనుక దర్జీల దగ్గర ఉండే టేపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. పక్కటెముకల చివరికీ, తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యన, బట్ట మీద కాకుండా ఒంటి మీద, గాలి మామూలుగా వదిలాక కొలవండి. పొట్ట లోపలికి పీల్చి కొలిస్తే మిమ్మల్ని మీరే మభ్యపెట్టుకున్నట్లు. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు మించకూడదు. బరువు సరిగ్గానే ఉండి నడుము కొలత మించితే మీరూ షుగరు పరీక్ష చేయించుకోవాలి.

మన కోస్తాలో ఏం జరిగింది?

2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 36 మందికి, పురుషులలో నూటికి 31 మందికి బి.ఎమ్.ఐ. 25కు పైన ఉన్నట్టు తేలింది. అదే సర్వేలో నూటికి 15 మంది స్త్రీలు ఉండవలసిన దానికన్నా తక్కువ బరువున్నారు. ఒకే వీధిలో ఒక ఇంట్లో రక్తం లేని కోడలు, పక్కింట్లో మోకాళ్ళు పట్టేసిన అత్తగారు. ఇద్దరికీ ఒకే సలహా పనికిరాదు.

మన నెల్లూరు మొలగొలుకుల అన్నానికి పేరు. ఆ అన్నం తిన్న మన తాతలు లావెక్కలేదే అని మీరడగవచ్చు. నిజమే. వాళ్ళు తిన్న అన్నం మడిలో కరిగింది. మైపాడు రేవులో వల లాగే మనిషి ఈనాటికీ రెండు పళ్ళాల అన్నం తిన్నా పొట్ట రాదు. కానీ ఆయన కొడుకు రొయ్యల గుంట గట్టు మీదికి మోటారు సైకిలు మీద వెళ్ళివస్తాడు. పళ్ళెం మాత్రం తండ్రిదే! వంద గ్రాముల బియ్యంలో దాదాపు 350 కేలరీలు ఉంటాయి. కూర్చుని చేసే పనికి తాతగారి కొలత అన్నం ఎక్కువ. అంతేగానీ అన్నం విషం కాదు, మానేయనక్కరలేదు.

"తినేది పిడికెడే సారూ, గాలి పీల్చినా ఒళ్ళొస్తా ఉండాది" అనే ఇల్లాళ్ళు చాలామంది. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. భోజనానికి కూర్చున్నప్పుడు తినేది పిడికెడే. కానీ అందరూ తిన్నాక గిన్నెలో మిగిలిన పప్పు, పిల్లాడు వదిలేసిన దోశె ముక్క, పారేయడానికి మనసొప్పని పెరుగన్నం ఇవన్నీ ఎవరి లెక్కలోకీ రావు. మిగిలినదాన్ని మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. లేదా రేపటి నుంచి అర గ్లాసు బియ్యం తక్కువ పోయండి.

చేపల పులుసు మానాలా?

అక్కరలేదు. చేపలో మాంసకృత్తులు పుష్కలం. వంజరం అయినా, చందువా అయినా, బొమ్మిడాయిలయినా, మామిడికాయ వేసి పులుసు పెట్టుకుంటే ఒంటికి మేలే. తంటా రెండు చోట్ల ఉంది. ఒకటి, పులుసు మీద తేలే నూనె. రెండు, పులుసు బాగుందని అదనంగా కలుపుకునే అన్నం. ఒక పెద్ద చెంచాడు నూనెలో సుమారు 120 కేలరీలు. అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది ఇంచుమించు అంతే. రొయ్యల వేపుడుకు, ఉడికించిన రొయ్యలకు తేడా కూడా ఆ నూనే. ఎండు చేపలలో ఉప్పు ఎక్కువ కనుక బి.పి. ఉన్నవాళ్ళు వాటిని తగ్గించాలి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన సూచనల ప్రకారం, రోజుకు 2000 కేలరీలు చాలే మనిషికి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు చాలు. అంటే నలుగురున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు. మీ ఇంట్లో నెలకు ఎన్ని ప్యాకెట్లు అవుతున్నాయో ఈ నెల లెక్కపెట్టండి. ఒక్కరికి వేరే వంట చేయకండి. ఇంటిల్లిపాదికీ ఒకే వంట, తక్కువ నూనెతో. పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పావు భాగం అన్నం, పావు భాగం చేపో, పప్పో, గుడ్డో. కారం దోశె, మలై కాజా ఎప్పుడైనా తినండి, రోజూ వద్దు.

ఎంత తగ్గితే చాలు?

ఇది అందరూ వినవలసిన శుభవార్త. పెళ్ళినాటి బరువుకు దిగనక్కరలేదు. ఉన్న బరువులో నూటికి అయిదు వంతులు తగ్గితే చాలు, మేలు మొదలవుతుంది. 80 కిలోల మనిషికి అది నాలుగు కిలోలు. వారానికి అర కిలో మించి తొందర పడవద్దు. కిలో బరువు తగ్గితే బి.పి. సగటున ఒక పాయింటు తగ్గుతుంది. ఒక కిలో తగ్గితే అడుగు వేసినప్పుడల్లా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో అమెరికా పరిశోధకులు లెక్క తేల్చారు.

మరి ఎంత ప్రయత్నించినా కాటా ముల్లు కదలకపోతే? మనకు దగ్గరలోనే, చెన్నైలో డాక్టరు రామచంద్రన్ బృందం జరిపిన పరిశోధన ఫలితాలు 2006లో వచ్చాయి. షుగరు వచ్చే అంచున ఉన్నవారిని తీసుకుని, కొందరికి నడక, ఆహార నియమాలు నేర్పించారు. కొందరికి మామూలు సలహాతో సరిపెట్టారు. మూడేళ్ళలో మామూలు సలహా పొందినవారిలో నూటికి 55 మందికి షుగరు వచ్చింది. నియమాలు పాటించినవారిలో నూటికి 39 మందికే వచ్చింది. విశేషమేమిటంటే, పాటించినవారి బరువు పెద్దగా తగ్గలేదు! అయినా జబ్బు తగ్గింది. కాబట్టి ముల్లు కదలలేదని నడక మానకండి. పొద్దున వీధి కుక్కల భయం ఉంటే, ఆడవారికి వీలుకాకపోతే, మేడ మీదే అరగంట నడవండి. వారానికి అయిదు రోజులు చాలు.

తగ్గడమూ జబ్బు కావచ్చు

మనవాళ్ళకు లావుగా ఉంటే దిగులు, సన్నబడితే సంబరం. ఒకసారి రేవు పక్క పల్లెలో చేపల గంప మోసే ఒకావిడ, మూడు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గి వచ్చింది. వచ్చింది కాలి పుండుకు కట్టు కట్టించుకోవడానికి. బరువు తగ్గినందుకు ఇంట్లో అందరూ మెచ్చుకుంటున్నారట. ఆమె ఏ పథ్యమూ చేయలేదు, నడకా పెంచలేదు. రాత్రి నాలుగైదు సార్లు మూత్రానికి లేస్తోంది, నోరు ఎండిపోతోంది. పరీక్ష చేస్తే షుగరు 400 దాటి ఉంది. ఇంకో నెల ఆలస్యమైతే కాలు దక్కడమే కష్టమయ్యేది.

ప్రయత్నం లేకుండా ఆరు నెలల్లో బరువు నూటికి అయిదు వంతులకు మించి తగ్గితే వెంటనే డాక్టరుకు చూపించండి. షుగరు, క్షయ, థైరాయిడ్, క్యాన్సరు ఇలాగే లోపలికి వస్తాయి. "చిక్కావే, బాగున్నావు" అనే పలకరింపును నమ్ముకుని ఇంట్లో కూర్చోకండి.

మందులు, పొడులు

నెలలో పది కిలోలు తగ్గిస్తామనే పొడుల జోలికి పోవద్దు. లోపల ఏం కలిపారో మీకూ తెలియదు, నాకూ తెలియదు. డాక్టర్లు రాసిన మందులకే ప్రమాదాలు ఉంటాయి. ఆకలి తగ్గించే సిబుట్రామిన్ అనే మందును గుండెకు చేటని 2011లో మన దేశంలో నిషేధించారు. థైరాయిడ్ లోపం లేనివారు బరువు కోసం థైరాయిడ్ మాత్రలు మింగితే గుండె దడ పట్టుకుంటుంది. వారానికొకసారి వేసుకునే కొత్త ఇంజెక్షన్లు 2025లో మన బజారులోకి వచ్చాయి. అవి బాగానే పనిచేస్తాయి. కానీ ఎవరికి అవసరమో, ఎవరికి కూడదో డాక్టరు పరీక్షించి చెప్పాలి. మానేస్తే చాలామందికి బరువు తిరిగి వస్తుంది. స్నేహితురాలు వేసుకున్నదని మీరూ కొనుక్కోకండి.

ఈసారి ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు

ఒక చిన్న నోటు పుస్తకంలో తేదీ వేసి మీ బరువు, నడుము కొలత, బి.పి., షుగరు రాసుకు వెళ్ళండి. "ఒళ్ళు తగ్గాలి" అని డాక్టరుగారు అంటే మొహమాటపడకుండా మూడు ప్రశ్నలు అడగండి. ఎన్ని కిలోలు తగ్గాలి? నా ఒంట్లో ఉన్న జబ్బుకు ఏ ఆహారం మార్చుకోవాలి? మళ్ళీ ఎప్పుడు వచ్చి చూపించుకోవాలి? ఈ మూడింటికీ జవాబు చెప్పించుకునే హక్కు మీకుంది.

కసురుకునే డాక్టరు ఎదురైతే వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అంతేగానీ బి.పి. మాత్రలు, షుగరు మాత్రలు మాత్రం ఒక్క రోజు కూడా ఆపకండి. బరువు నెమ్మదిగా తగ్గించుకోవచ్చు. ఆ లోపల గుండెను, మూత్రపిండాలను కాపాడేది ఆ మాత్రలే.